నాలుగో వైరు: మన తీరం రొయ్యల రైతులకు బహిరంగ లేఖ

విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మండలాల్లో రొయ్యల గుంటలు నడుపుతున్న రైతులందరికీ నమస్కారం.

మీలో సగం మందికి నేను తెలుసు. ఇరవై రెండేళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. మొదట్లో వరి రైతుల మోటార్లే వచ్చేవి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక, గుంట నీళ్లను చిలికి గాలి కలిపే మీ ఏరియేటర్లు రావడం మొదలైంది. ఇప్పుడు నేను తినే అన్నం పూర్తిగా మీ గుంటల మీదే. ఆ మాట ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేదు.

అయినా పోయిన వారం టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన గుర్తు చేశారు. "రైతు సొమ్ము తింటా రైతు మీదే సాక్షి సంతకం పెడతావా?" అన్నారు. ఆయనంటే నాకు గౌరవం. అక్కడ నలుగురిలో గొంతు పెగల్లేదు, గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. చెప్పాల్సింది మీ అందరికీ ఉంది కాబట్టి ఇలా రాస్తున్నాను.

సంతకం పెట్టిన మాట నిజం. నా దగ్గర పని నేర్చుకుని, 2022 నవంబరులో గుంటలో కరెంటు కొట్టి చనిపోయిన మా చిన్నోడి కేసు అది. ఈ నవంబరుతో రెండేళ్లు నిండుతున్నాయి. పరిహారం అడగడానికి చట్టం ఇచ్చిన గడువు ఆ రెండేళ్లే. గడువు దాటకముందే వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్లి, కార్మిక శాఖలో ఇలాంటి కేసులు వినే అధికారికి అర్జీ ఇచ్చి వచ్చాను.

వాడి పేరు రాయడం లేదు. వాళ్ల అమ్మ వద్దంది. ఊళ్లో అందరూ చిన్నోడు అనేవాళ్లు, నేనూ అలాగే రాస్తాను.

2016లో ఇంటర్ మొదటి సంవత్సరం తప్పి నా షాపుకొచ్చాడు. పదిహేడేళ్లు. వాళ్ల నాయన వరి కూలి. కోత మిషన్లు వచ్చాక ఆయనకు పని తగ్గింది, ఆ తర్వాత మోకాళ్లు పోయాయి. చెల్లెలు బడిలో ఉంది. "అన్నా, జీతం తర్వాత చూద్దాం, పని నేర్పించన్నా" అన్నాడు. అట్లా అన్నవాళ్లు చాలామంది వచ్చారు, పోయారు. కాలిన మోటారు విప్పడం మురికి పని. లోపల తీగంతా మాడి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటుంది. ఉలితో చివర్లు నరికి, కట్టింగ్ ప్లేయరుతో లాగి, పాత కాయిల్‌లో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. ఒక్క చుట్టు తేడా వచ్చినా కొత్త వైండింగ్ వేడెక్కుతుంది. వాడు రెండుసార్లు లెక్కపెట్టేవాడు. రెండు లెక్కలూ కలవకపోతే ఆ మాడిన తీగల్ని నేల మీద వరసగా పరుచుకుని మూడోసారి లెక్కపెట్టేవాడు. భోజనానికి పిలిచినా లేచేవాడు కాదు. స్లాట్లలో కాయిల్ బిగించే వెదురు పుల్లల్ని రాత్రిళ్లు ఇంటి దగ్గర చెక్కి, పొద్దున్నే ఒక కట్ట తెచ్చేవాడు. అంత నున్నగా పుల్ల చెక్కినవాణ్ని మళ్లీ నేను చూడలేదు.

వీధిలో ముసలోళ్ల టేబుల్ ఫ్యాన్లన్నీ వాడే బాగుచేసేవాడు. డబ్బులు తీసుకునేవాడు కాదు. ఎండాకాలం వాళ్లు మామిడికాయలిస్తే మా షాపులో ఉప్పూ కారం పెట్టుకుని అందరికీ పంచేవాడు.

షాపులో ఒక నోటుబుక్కు ఉండేది. వచ్చిన ప్రతి మోటారుకూ చుట్లు, తీగ గేజి, రైతు ఊరు రాసేవాళ్లం. వాడొచ్చిన రెండో ఏడు అందులో స్కేలు పెట్టి ఇంకో గడి గీశాడు. పైన "మెగ్గర్" అని రాశాడు. వైండింగ్‌కీ మోటారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో మెగ్గర్ చూపిస్తుంది. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపించిన మోటారు నీళ్లమీదికి పోకూడదు. ఇది నేను వాడికి నేర్పిన పాఠమే. ప్రతి మోటారుకూ రాసి పెట్టాలన్న పట్టుదల మాత్రం వాడిది.

2020లో నా షాపు మానేసి గుంటల మీద పనికి పోయాడు. నేనిచ్చేది తొమ్మిది వేలు. గుంట మీద పదిహేను వేలు, బియ్యం, ఉండటానికి షెడ్డు. చెల్లెలు నర్సింగులో చేరింది, ఫీజు కట్టాలి. నేనే పొమ్మన్నాను.

గుంట మీద వాడి పని చూసిన రైతులు మీలో ఉన్నారు. థర్మాకోల్ తెప్ప మీద తాడు పట్టుకుని పోతూ మేత చల్లేవాడు. రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి నీళ్లలో వేలాడదీసే చెక్ ట్రే లేపి రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టి, పేగు నిండుగా ఉందో లేదో చూసి, తర్వాతి మేత ఎంతో చెప్పేవాడు. రాత్రి షెడ్డులో కళ్లు మూసుకుని పడుకునే "మూడోది బేరింగ్ అరిగింది, విను" అనేవాడు. పది ఏరియేటర్ల హోరులో నాకు ఏ తేడా వినిపించేది కాదు. పొద్దున విప్పి చూస్తే మూడోదే.

ఆ నవంబరులో మూడు రోజులుగా ముసురు. మీకు తెలియంది కాదు, ఎండ లేకపోతే నీళ్లలో పాచి ఆక్సిజన్ ఇవ్వదు, తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. అన్ని ఏరియేటర్లూ తిరుగుతూ ఉండాల్సిందే. తోడుగా ఉండేవాడు జనరేటరుకు డీజిల్ తేవడానికి పోయి వానకు ఊళ్లోనే ఆగిపోయాడు. ఒక ఏరియేటర్ తాడు తెగి పక్కకు కొట్టుకుపోయింది. దాన్ని సర్దడానికి చిన్నోడు మొలలోతు నీళ్లలో దిగాడు. ఎప్పుడు దిగాడో ఎవరికీ తెలీదు. తెల్లారి ఆరు గంటలకు నాకు ఫోనొచ్చింది. నేను పోయేసరికి వాణ్ని గట్టు మీద పడుకోబెట్టారు. బతికించడానికి మెయిన్ తీసి వాణ్ని బయటికి లాగి, రొయ్యలు పోతాయని మళ్లీ వేశారు. ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. వాడి కుడి అరచెయ్యి మధ్యలో రూపాయి బిళ్లంత మచ్చ, తెల్లగా, గట్టిగా.

వాడు పట్టుకున్న మోటారుకు ఇరవై రోజుల ముందు వార్నిష్ పోసి ఇచ్చింది నేను.

దాన్ని షాపుకు తెచ్చిందీ చిన్నోడే. తనే మెగ్గర్ తీసి చూశాడు. 0.3 చూపించింది. "అన్నా, ఇది వద్దన్నా, కొత్త వైండింగ్ వెయ్యాల" అన్నాడు. నోటుబుక్కులో 0.3 రాసి, పక్కన "వద్దు" అని కూడా రాశాడు. రైతు ఫోన్ చేశాడు. రొయ్య పట్టుబడికి ఇంకా నెలే ఉంది, చేతిలో డబ్బుల్లేవు, అప్పటిదాకా నెట్టుకురా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. లీజు గుంటలు, మేత అప్పు, ముందు పంట వైట్‌స్పాట్ రోగానికి పోయింది. నేను సరేనన్నాను. ఎండబెట్టి, వార్నిష్ పోసి, బల్బు వేడికి ఆరబెట్టి ఇచ్చాను. మళ్లీ మెగ్గర్ పెట్టలేదు. ఆ గడి ఖాళీగా ఉంది.

అర్జీతో పాటు ఆ పేజీ జిరాక్స్ కూడా ఇచ్చాను. అడిగితే అసలు బుక్కే ఇస్తాను. నా తప్పుకు ఏం పడితే అది పడనీ. మీలో ఒకరి మీద నేను సాక్షిని అంటున్నారు. ఆ కాగితంలో ముందు నేను ఒప్పుకున్నది నా పనే.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికల్లా దహనం అయిపోయింది. పోలీసులకు చెప్పలేదు. "పోస్ట్‌మార్టం అంటే బిడ్డను కోస్తారమ్మా" అని ఎవరో అన్నారు, ఆ తల్లి వద్దని మొత్తుకుంది. సాయంత్రం చాప వేసి పెద్దమనుషులు కూర్చున్నారు. స్టాంపు కాగితం మీద మూడు లక్షలు రాసి, ఇకమీదట ఎలాంటి హక్కూ లేదని రాసి, ఆమె వేలిముద్ర వేయించారు. ఆ చాప మీద నేనూ ఉన్నాను. నోటుబుక్కు సంగతి నోరు తెరిచి చెప్పలేదు.

చిన్నోడి బ్యాంకు ఖాతాలోంచి ఆ జూన్‌లో 20 రూపాయలు పోయాయి. ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో పోతే రెండు లక్షలు. ఆ 20 రూపాయల మెసేజ్ ఇంకా వాడి ఫోన్‌లో ఉంది. బ్యాంకుకు పోతే ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు అడిగారు. రెండూ లేవు. ఆ రెండు లక్షలు రాలేదు.

ఇప్పుడు చట్టం మాట. రైతులుగా మీరు ఇది తెలుసుకోవాలి, మీకూ అవసరమే. చిన్నోడు పోయిన 2022లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం పనిలో చనిపోయిన మనిషికి నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చవేసేవారు. 2020 నుంచి ఆ చట్టం కింద లెక్కకు తీసుకున్న జీతం గరిష్ఠంగా 15,000. ఇరవై మూడేళ్లకు ఆ అంకె 219.95. అంటే 7,500ను 219.95తో హెచ్చవేస్తే 16,49,625 రూపాయలు. చాప మీద తేల్చింది మూడు లక్షలు. ఇంకో సంగతి. ఆ చట్టం ప్రకారం మనిషి చనిపోయిన కేసులో పరిహారం కమిషనర్ దగ్గరే, అంటే మేం అర్జీ ఇచ్చిన ఆ అధికారి దగ్గరే, డిపాజిట్ చేయాలి. మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప, యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. అంటే ఆ స్టాంపు కాగితం తల్లినీ కాపాడలేదు, రైతునూ కాపాడలేదు. పైగా "కరెంటు షాక్ వల్ల మరణించినందున" అని అందులోనే రాశారు కాబట్టి, పోస్ట్‌మార్టం లేని ఈ కేసులో ఇప్పుడు మాకున్న ఆధారాల్లో అదొకటి. పని మనుషుల పేరున బీమా కంపెనీ దగ్గర పరిహార పాలసీ తీసుకుని ఉంటే ఆ డబ్బు కంపెనీయే కట్టేది. మేత కంపెనీ ఏజెంటు ఇంటికొస్తే గంట కూర్చోబెట్టి మాట్లాడతాం. ఈ పాలసీ గురించి ఒక్క పూట కనుక్కోండి.

పెద్దాయన అడిగినదానికి నా జవాబు ఇది. నేను రైతు మీద పోలేదు. మూడు లక్షలకు ఒక మనిషిని మూసేసిన ఆ చాప మీద నుంచి లేచి వచ్చాను.

ఇక పని మాట. ఇది నాకు తెలిసిన విద్య, కొంచెం ఓపికగా చదవండి.

మన గుంటల్లో చాలాచోట్ల స్టార్టర్ నుంచి ఏరియేటర్‌కు మూడు కోర్ల వైరే, అంటే లోపల మూడు తీగలున్నదే, వేస్తున్నారు. మూడు ఫేజులకు మూడు. మోటారు తిరగడానికి అది చాలు. నాలుగో కోరు మోటారు బాడీని ఎర్త్‌కు కలిపేది. మీటరుకు కొంచెం ధర ఎక్కువని దాన్ని వదిలేస్తున్నారు. ఉప్పు గాలికి, ఉప్పు నీళ్లకు వైండింగ్ ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున కరెంటు మోటారు బాడీకి వస్తుంది. నాలుగో వైరు ఉంటే అది ఎర్త్‌లోకి పోతుంది. లేకపోతే అక్కడే కాచుకుని ఉంటుంది. నీళ్లలో నిలబడి ఎవరు చెయ్యి వేస్తే వాళ్ల ఒంట్లోంచి పోతుంది.

"స్టార్టర్ ఉంది కదా, ట్రిప్ అవుతుంది" అంటారు. కాదు. రెండు హెచ్‌పీ మోటారుకు స్టార్టర్ రిలే మూడు, మూడున్నర ఆంపియర్ల దగ్గర సెట్ చేసి ఉంటుంది. అది మోటారును కాపాడటానికి. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. చిన్నోడు పోయిన రాత్రి ఏ స్టార్టరూ ట్రిప్ కాకపోవడానికి కారణం ఇదే. మనిషిని కాపాడేది ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే లైను తెంపేసే బ్రేకర్. 30 మిల్లీ ఆంపియర్లది పెడితే కరెంటు దారి తప్పిన క్షణంలోనే పడిపోతుంది. నాలుగో వైరు కూడా ఉంటే మనిషి తాకకముందే పడిపోతుంది.

మీరు చెప్పే అభ్యంతరం కూడా నాకు తెలుసు, అందులో నిజముంది. ఈఎల్‌సీబీ పెడితే మాటిమాటికీ పడిపోతుంది, రాత్రి ఏరియేటర్లన్నీ ఆగితే గంటలో పంట పోతుంది అంటారు. గుంట మొత్తానికి ఒకటే పెడితే అలాగే అవుతుంది. పది మోటార్ల చిన్న చిన్న లీకులన్నీ కలిసి దాన్ని పడేస్తాయి. మోటారుకు ఒకటి, లేదా రెండు మోటార్లకు ఒకటి పెట్టండి. లీకైన మోటారు ఒక్కటే ఆగుతుంది, మిగతావి తిరుగుతాయి. పడిపోగానే షెడ్డులో మోగేలా ఒక హూటర్ పెట్టండి. అప్పటికీ ఒకే మోటారు పదేపదే పడేస్తుంటే ఆ బ్రేకర్‌ను తీసేయకండి, ఆ మోటారును తీయండి. అది మనకు చెబుతోంది. చిన్నోడు "వద్దు" అని రాసినట్టే.

నీళ్లలో తేలే వైరుకు టేపు చుట్టిన అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. మెయిన్ ఆపకుండా ఎవరూ దిగకూడదు, రాత్రి ఒంటరిగా అసలే దిగకూడదు. ఇవి మీకు కొత్త కాదు. ఎకరాకు పెట్టే మేత ఖర్చు ముందు వీటి ఖర్చు ఎంతో మీరే లెక్కేసుకోండి, నాకంటే మీకే బాగా తెలుసు.

కరెంటు శాఖ వాళ్లకూ ఒక విన్నపం. ఆక్వాకు రాయితీ మీద యూనిట్ రూపాయిన్నరకే 2019లో ఇచ్చినప్పుడు మా అందరికీ సంతోషమే. రాయితీకి కాగితాలు అడిగేటప్పుడు గుంట దగ్గర ఎర్త్ ఉందా, ఈఎల్‌సీబీ ఉందా అని కూడా చూడండి. చూస్తారని తెలిస్తే పెట్టుకుంటారు.

ఒక విషయం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 2022 ఆగస్టులో రొట్టెల పండక్కి చిన్నోడు వాళ్ల అమ్మను బండి మీద నెల్లూరు తీసుకుపోయాడు. స్వర్ణాల చెరువులో మోకాటి లోతులో నిలబడి, మంచి ఇల్లు కావాలని కోరుకుని 'ఇల్లు రొట్టె' తీసుకున్నాడు. వాళ్లది రేకుల ఇల్లు, వానొస్తే గిన్నెలు పెట్టుకునేవాళ్లు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు అదే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వడం ఆనవాయితీ అని మనందరికీ తెలుసు. వాడు పోయాక వచ్చిన మూడు లక్షలతో వాళ్ల నాయన స్లాబు వేయించాడు. 2023 జూలై చివర్లో మళ్లీ పండగ వచ్చింది. ఆ తల్లి షాపు దగ్గరికొచ్చి నిలబడింది. "ఇల్లయితే వచ్చింది గదా నాయనా, రొట్టె ఇయ్యాల్నా, వద్దా?" అని అడిగింది.

నేనేం చెప్పలేకపోయాను. ఆమె పోలేదు. ఈ ఏడూ పోలేదు.

డిసెంబరు 1 ఆదివారం నుంచి ప్రతి ఆదివారం మెగ్గర్ పట్టుకుని గుంటల మీదికి వస్తున్నాను. ఏ రైతు పిలిస్తే ఆ రైతు దగ్గరికి. మోటారు మోటారుకూ చూసి నోటుబుక్కులో రాసి, రైతు చేత సంతకం పెట్టిస్తాను. వైరు, బ్రేకర్ మీరు కొనుక్కోండి. బిగించినందుకు కూలి తీసుకోను. షాపులో ఇప్పుడు పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు కూడా వస్తామన్నారు.

మొదటి ఆదివారం చిన్నోడు పోయిన గుంటకే పోతాను. ఆ రైతుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా పెట్టేశాడు. అయినా పొద్దున ఏడింటికి గేటు దగ్గర ఉంటాను. గట్టు మీద ఇప్పుడు పనిచేస్తున్నది కూడా ఇరవై ఏళ్ల కుర్రాడే.

ఇట్లు,
మీ మోటార్ వైండింగ్ మెకానిక్,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా
నవంబరు, 2024